పెరడు తోట కావాలంటే మొక్కలు చివర కొనండి: ఆలమూరు వైపు ఇళ్లకు తొమ్మిది చిట్కాలు

ఆలమూరు మండలంలో ఉన్నవాళ్లకి మొక్కలకేం కొదవ లేదు. జొన్నాడ దగ్గర హైవే ఎక్కి రాజమండ్రి వైపు వెళ్తే కడియపులంక, వేమగిరి అంతా నర్సరీలే. అందుకే ఇక్కడ పెరడు బాగుచేద్దామనుకున్నవాళ్లు ముందు ఆటో నిండా మొక్కలు తెచ్చేసుకుంటారు. వాటిని ఎక్కడ పెట్టాలన్నది తర్వాత ఆలోచిస్తారు. గార్డెన్ డిజైన్ తెలిసినవాళ్లు దీన్ని తిరగేసి చేస్తారు. ముందు నీళ్ల దారి చూస్తారు, ఆ తర్వాత ఎండ, మట్టి, నడిచే బాట. మొక్కల వంతు చివర వస్తుంది.

1. తుప్పలు కొట్టించగానే టేపు పట్టండి. రెండు సెంట్ల పెరడంటే దాదాపు 870 చదరపు అడుగులు. కాగితం మీద గేటు, బోరు, సెప్టిక్ ట్యాంకు, కరెంటు తీగలు, ఉన్న చెట్లు గుర్తించండి. ఉదయం 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి ఎండ ఎక్కడ పడుతోందో అదే కాగితం మీద గీయండి. మల్లెకి, కూరపాదులకి కనీసం అయిదారు గంటల ఎండ కావాలి. అది పడని చోట పెడితే ఆకే గానీ పువ్వు రాదు.

2. గట్టి వాన పడుతుండగా ఒకసారి పెరట్లోకి వెళ్లి చూడండి. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తవుతుంది, మన స్థలం పల్లమవుతుంది. వీధి నీళ్లన్నీ మన గోడ పక్కకే చేరతాయి. ఇంటి పునాది నుంచి నీళ్లు బయటికి పోయేలా వాలు ఉండాలి. తాపీమేస్త్రి లెవెల్ ట్యూబు పెట్టి పావుగంటలో చెప్పేస్తాడు. ఇది సరిచేయకుండా పెట్టిన ఖర్చంతా వానాకాలంలో కుళ్లిపోతుంది.

3. మట్టిని చేత్తో పరీక్షించండి. తడిమట్టిని పిసికితే సాగి రిబ్బనులా వచ్చిందంటే బంకమట్టి. దాంట్లో ఇసుక ఒక్కటే కలిపితే గట్టిపడుతుంది. బాగా మాగిన పశువుల గెత్తం, కొబ్బరి పొట్టు కలపండి. మళ్లు చుట్టూ నేలకంటే ముప్పావు అడుగైనా ఎత్తులో ఉండాలి. మొదళ్ల చుట్టూ కొబ్బరి డొక్కలు బోర్లించి పరిస్తే తడి ఆరదు. వెల్లకిలా వేస్తే నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి.

4. కొబ్బరిచెట్టు కింద కుర్చీ, ఉయ్యాల, బండి పెట్టకండి. కాయ గానీ మట్ట గానీ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. మొదలు చుట్టూ ఆరడుగుల మేర లోతుగా తవ్వకండి, వేళ్లు తెగుతాయి. లాన్ గడ్డి ఆ నీడలో పలచబడి చచ్చిపోతుంది. పసుపు, కంద, అల్లం వేసుకోండి. చెట్టుకే మిరియాల తీగ పాకించుకోవచ్చు.

5. బాట మూడడుగుల వెడల్పు ఉంచండి. దింపు తీసిన గెలలు మోసుకెళ్లే మనిషికి, గెత్తం తోపుడుబండికి అంత కావాలి. బురద భయంతో పెరడంతా సిమెంటు చేయించకండి. అప్పుడు నీళ్లు ఇంకే చోటుండదు, ఎండాకాలం ఇల్లు కాగిపోతుంది. బాట మటుకు ఇటుకో నాపరాయో ఇసుక మీద పరిస్తే చాలు.

6. మొక్క పెద్దయితే ఎంతవుతుందో అడిగి కొనండి. మామిడి, పనస గోడకి ఇరవై అడుగుల దూరంలో ఉండాలి. అంత చోటు లేకపోతే నిమ్మ, కరివేపాకు, నందివర్ధనం, నూరువరహాలు చాలు. తొందరగా పెరుగుతుందని కోనోకార్పస్ జోలికి వెళ్లకండి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నిషేధించింది. గన్నేరులో ప్రతి భాగమూ విషమే. పశువులు, పిల్లలు తిరిగే చోట వద్దు.

7. నర్సరీలో మొక్కని కాదు, ఆకు అడుగుభాగాన్ని చూడండి. తెల్లటి మైనంలాంటి పొడి సుడులు తిరిగి కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ. కింది ఆకుల మీద నల్లటి మసి కూడా పడుతుంది. అలంకార పామ్‌ల మీద వచ్చి కొబ్బరిని పట్టుకుంటుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దీనిమీద ఇసారియా అనే శిలీంధ్రాన్ని పెంచి రైతులకిస్తోంది. ఇంట్లో అయితే ముందు ఆకుల అడుగుకి నీళ్లు జోరుగా కొట్టండి, తర్వాత వేపనూనె. పెట్టేటప్పుడు పాలిథీన్ కవరు పూర్తిగా తీయండి. అంటు కట్టిన చోటు మట్టి పైనే ఉండాలి.

8. నాటడానికి తొలకరి వానలు మంచి అదను. వేసవిలో కాలువలు కట్టేస్తారు, అప్పుడు పెట్టిన మొక్క బోరు మీదే బతకాలి. లంకల్లో ఉన్నవాళ్లు మాత్రం గోదావరి వరద తీశాక పెట్టుకోవడం మేలు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల లోపు ప్రతి కొత్త చెట్టుకీ వెదురు కర్ర పాతి, కొబ్బరి తాడుతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి. బిగిస్తే బెరడు కోసుకుపోతుంది.

9. డిజైనర్‌కి అప్పగిస్తే నోటిమాటతో సరిపెట్టకండి. ప్లాను, మొక్కల జాబితా, ఒక్కోదాని ఎత్తు, సంఖ్య, చచ్చినవాటికి ఎన్నాళ్లలోపు బదులిస్తారన్నది కాగితం మీద ఉండాలి. డబ్బు మూడు విడతలుగా ఇవ్వండి: వాలు, మట్టి పని అయ్యాక ఒకటి, నాటాక ఒకటి, ఒక వానాకాలం గడిచాక ఆఖరిది. నీళ్లు నిలవకుండా చేశారో లేదో ఆ వానలే తేల్చేస్తాయి. రోజూ నీళ్లు పోసేదెవరో, కలుపు తీసేదెవరో కూడా ముందే అనుకోండి. చేసే మనిషి లేనప్పుడు ప్లానులో సగం మొక్కలు కొట్టేయించండి. పెరడు ఖాళీగా కనిపించినా ఫర్వాలేదు, వచ్చే ఏడు నింపుకోవచ్చు.