కొలిచెడి పరికరమే కొలతను మార్చునా?

"మీరు తెలుగులో నేర్పు శాస్త్రము రేపు నాందేడు కళాశాలలో అక్కరకు వచ్చునా?" అని కుండల్‌వాడిలో ఒక తండ్రిగారు మమ్మడిగిరి. మేము భాషోపాధ్యాయులము, యంత్రములు మా వృత్తి గాదు. అయినను మా పూర్వ విద్యార్థి యొకడు చెప్పిన సంగతినే సమాధానముగ వ్రాయుచున్నాము.

అతడు సిగ్నల్ జనరేటరును 1 వోల్టునకు అమర్చి ఆసిలోస్కోపునకు కలిపెను. తెరపై 2 వోల్టులు కనబడెను. పరికరము చెడినదని తోటివారనిరి. చెడలేదు. జనరేటరు లోపల 50 ఓముల నిరోధము కలదు. ఎదుట గూడ 50 ఓములే యుండునని, అనగా సగము వోల్టేజి లోపలనే పోవునని, దాని లెక్క. కాని ఆసిలోస్కోపు ప్రవేశ అవరోధము సాధారణముగ 10 లక్షల ఓములు, అనగా 1 మెగాఓము. అందుచే లోపల పోవునది దాదాపు శూన్యము. మొత్తము తెరకు చేరెను. ఆసిలోస్కోపు చెంత 50 ఓముల టెర్మినేటరు తగిలింపగానే 1 వోల్టు వచ్చెను.

ఈ జత కుదుర్చుట తీగకును అవసరమే. 50 ఓముల కేబులులో సంకేతము మీటరు దూరమును సుమారు 5 నానోసెకండ్లలో దాటును. చివర అవరోధము సరిపడనిచో, బావిలో వేసిన కేక వలె కొంత వెనుకకు మరలివచ్చి, వేగముగ మారు తరంగముల రూపమును చెరచును.

అట్లయిన ఎల్లప్పుడు 50 ఓములే పెట్టుకొనరాదా? రాదు. రెండు 1 మెగాఓము నిరోధములను వరుసగ కలిపి 10 వోల్టులిచ్చినచో నడుమ 5 వోల్టులుండును. అచ్చట 50 ఓములు తగిలించిన అర మిల్లీవోల్టు మాత్రమే మిగులును! 1 మెగాఓము ప్రవేశముతో చూచినను 3.33 వోల్టులే. చిన్న గిన్నెడు వేడినీటిలో పెద్ద చల్లని కడ్డీ ముంచి వేడిమి చూచినట్లే యగును.

ఇందుకే పదింతల ప్రోబు. దానిలోని 9 మెగాఓములు ప్రవేశమునందలి 1 మెగాఓముతో చేరి 10 అగును. తెరకు పదవ వంతే చేరును గనుక పదితో హెచ్చింపవలెను. (ఇవి నిలుకడ వోల్టేజికి చెప్పిన మాటలు. త్వరిత తరంగములకు ప్రవేశమునందలి స్వల్ప కెపాసిటెన్సు గూడ అడ్డుపడును. 15 పికోఫారడులున్నచో, సెకనుకు 10 లక్షల ఆవృత్తులవద్ద అది సుమారు 10,600 ఓములకు సమానము.)

మన పుస్తకము "నిరోధము" అనుదానిని మరాఠీ పుస్తకము "రోధ" అనును. ఆ విద్యార్థికి అచ్చట తికమక కలుగలేదట. పై 5 వోల్టులను పదింతల ప్రోబుతో చూచినచో ఎంత వచ్చునో మీరును లెక్కకట్టుడు. పదితో హెచ్చించిన పిమ్మట 4.76 రావలెను.