కాయకపు లెక్కలో ఇల్లాలి పేరు



జగ్గయ్యపేట చెంత ధనంబోడు అను దిబ్బ యొకటి కలదు. ధనము గల గుట్ట యని ఆ పేరునకు అర్థము. 1882లో జేమ్స్ బర్జెస్ అచ్చట త్రవ్వింపగా బయల్పడిన ధనము ప్రాచీనమైన బౌద్ధ స్తూపము, శిల్పములు, శాసనములు. ఆ శిల్పములలో ప్రసిద్ధమైనది నేడు చెన్నపట్టణపు మ్యూజియములో నున్నది. చక్రవర్తి చేయెత్తి నిలువగా ఆకసము నుండి చదరపు నాణెములు వానవలె కురియుచున్నట్లు దానిపై చెక్కబడినది.

శాసనములలో కనబడునది వేరొక విధమైన ధనము. ఇక్ష్వాకు ప్రభువగు వీరపురుషదత్తుని ఇరువదవ పాలనా వర్షమున, అనగా క్రీ.శ. మూడవ శతాబ్దమున, సిద్ధార్థుడను చేతిపనివాడు స్తూపపు తూర్పు ద్వారము కడ ఐదు ఆయక స్తంభములను నిలిపెను. అతని తండ్రియు చేతిపనివాడే. పుట్టిన ఊరు విడిచి మరియొక గ్రామమున స్థిరపడి, వృత్తి చేసికొని సంపాదించిన కుటుంబమది. సిద్ధార్థుడు శాసనమున తన పేరొక్కటి వ్రాయించి ఊరకుండలేదు. తల్లి నాగిలాని, భార్య సముదాని, బిడ్డలు, సోదరుడు, సోదరుని భార్య, వీరందరి పేర్లను వరుసగా రాతిపై చెక్కించెను.

ఆకసము నుండి నాణెములు కురియుట చక్రవర్తుల ముచ్చట. మనబోటి కుటుంబములకు సిద్ధార్థుని శాసనమే పాఠము. ఈ సీమలో వ్యాపారము ఎట్లు పుట్టుచున్నది, ఎట్లు పెరుగుచున్నది, ఏ లెక్క తప్పుటచే కూలుచున్నది అను మూడు సంగతులను ఆ శాసనపు వెలుగులో విచారింతము.

1. వ్యాపారము పుట్టు చోటు

జగ్గయ్యపేటను వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేర కట్టించెను. పేట యనగా అంగళ్ళు గల చోటు. నైజాము రాజ్యపు సరిహద్దున నుండుటచే అటు సరకులు ఇటు, ఇటు సరకులు అటు పోవుటకు ఈ ఊరు మజిలీ యయ్యెను. 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి జగ్గయ్యపేటయు నందిగామయు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను స్థానబలము మారలేదు. ఒక ప్రక్క తెలంగాణ, మరియొక ప్రక్క విజయవాడ, నడుమ హైదరాబాదు రహదారి.

ఇది మెట్ట సీమ. కృష్ణమ్మ ప్రక్కనే పారుచున్నను పొలములు వానకై ఎదురుచూచిన కాలము పెద్దలకు జ్ఞాపకమే. నాగార్జునసాగరము కొరకు ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాదుగారు పట్టువిడువక పాటుపడిరి. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలబడెను. ఎడమ కాలువ నీటితో పైరు పెరిగెను. పైరుతో బాటు బేరము పెరిగెను. నేడు ప్రత్తి, మిరప, వరి, సుబాబులు ఈ నేలపై పండుచున్నవి. నేల క్రింద సున్నపురాయి కలదు.

స్థానిక వ్యాపారములలో పెక్కులు ఈ వస్తువుల చుట్టునే అల్లుకొన్నవి. ఊరిలో మిరపకాయ కొని గుంటూరు యార్డులోని కమీషను వర్తకునకు పంపువాడు మొదట బస్తాకు ఇంత యని పుచ్చుకొనును. కొంతకాలమునకు సొంత కాటా పెట్టును. పిమ్మట కారపు మర వేయును. లారీ నడిపినవాడు ఒక పాత లారీ కొని యజమాని యగును. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళలో బండి పెట్టి మిఠాయి అమ్మినవాడు కొంత సొమ్ము చేరగనే బజారున కొట్టు తెరచును. వీరెవ్వరును ఎరుగని పనిలోనికి దుముకలేదు. తాము కూలికి చేసిన పనినే తమ సొంత పనిగా మార్చుకొనిరి.

వ్యాపారమునకు దిగదలచిన యువకుడు ముందుగా వస్తువు యొక్క తరుగును ఎరుగవలెను. మూడు క్వింటాళ్ళ ప్రత్తి నుండి వచ్చు దూది సుమారు ఒక క్వింటాలు. మిగిలినదానిలో అధిక భాగము గింజ. నూరు కిలోల ధాన్యమునకు బియ్యము సుమారు అరువదియేడు కిలోలు. శుద్ధమైన సున్నపురాయి నూరు పాళ్ళు కాల్చిన యెడల దక్కు సున్నము ఏబదియారు పాళ్ళే. ఈ అంకెలను ఎరుగనివాడు కొన్న ధరను అమ్మిన ధరను మాత్రమే చూచి లాభమని భ్రమించును.

2. లెక్కలో లేని కూలి

ఇప్పుడొక ఉదాహరణము కల్పించుకొందము. భార్యాభర్తలిరువురు కారపు మర పెట్టిరనుకొందము. కావలసిన పెట్టుబడి రెండు లక్షలు. చేతనున్నది ఎనుబది వేలు. మిగిలిన లక్షా ఇరువది వేలను మూడు రూపాయల వడ్డీకి తెచ్చిరి. మూడు రూపాయలు చిన్న మాటవలె వినబడును. అది నూటికి నెలకు మూడు, సాలుకు ముప్పదియారు. నెలకు చెల్లింపవలసిన వడ్డీ 3,600 రూపాయలు.

సరకు ధర, కరెంటు, అద్దె పోగా నెలకు 24,000 మిగిలినవి. భర్త వడ్డీ తీసివేసెను. తాను కూలికి పోయిన యెడల దినమునకు 400 చొప్పున ఇరువదియారు దినములకు 10,400 వచ్చునని తన కూలిని కూడ తీసివేసెను. మిగిలినది సరిగా 10,000. ఇది లాభమని సంతసించి, ఆ ధైర్యముతో మరియొక అప్పు తెచ్చి రెండవ మర వేయుటకు సిద్ధపడెను.

కాని తెల్లవారుజామున కాయ తొడిమలు తీసినదెవరు? ఎండబెట్టి, ఘాటునకు దగ్గుచు జల్లించి, పొట్లములు కట్టినదెవరు? ఆమెయు ఇరువదియారు దినములు పని చేసినది. ఆమెకును అదే కూలి 10,400 వ్రాసిన యెడల మరకు మిగులునది లాభము కాదు, 400 రూపాయల నష్టము. భర్త లాభమని తలచిన పదివేలు భార్య కూలి. దానిని పునాదిగా చేసికొని రెండవ మర కట్టుట ఇసుకపై గోడ కట్టుట వంటిది. ఆమెకు జబ్బు చేసి నెల దినములు మంచము పట్టినచో ఈ సత్యము తనంతట తానే బయటపడును. అప్పటికి అప్పు రెండింతలై యుండును.

అదే అప్పు బ్యాంకులో సాలుకు నూటికి పన్నెండు చొప్పున లభించినదనుకొనుడు. నెల వడ్డీ 1,200. ఇద్దరి కూలి 20,800 తీసివేసినను 2,000 మిగులును. అది నిజమైన లాభము. వస్తువు మారలేదు, శ్రమ మారలేదు; వడ్డీ మారుటచే నష్టము లాభమైనది.

కావున మొదటి పెట్టుబడికై వడ్డీ వ్యాపారి గుమ్మము త్రొక్కుటకు ముందు బ్యాంకు గుమ్మము త్రొక్కవలెను. 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ముద్రా పథకమున చిన్న వృత్తులకు తాకట్టు లేకుండ ఋణమిచ్చు ఏర్పాటు కలదు; దాని మొదటి మెట్టు ఏబది వేల వరకు. 1982లో ఆరంభమైన డ్వాక్రా నాటి నుండి మన స్త్రీలు సంఘములుగా పొదుపు చేసి అప్పు తెచ్చి తీర్చుట నేర్చిరి. పెక్కిండ్లలో ఆ సంఘపు అప్పే కొట్టునకు మూలధనము. అప్పు ఆమె పేర, కొట్టు అతని పేర నుండుట ధర్మమా యని ప్రతి గృహస్థుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

3. పెరుగుదల మెట్లు

పెద్ద సంస్థలు కూడ మెట్టు మెట్టుగనే ఎక్కినవి. ఐ.సి.ఎస్. ఉద్యోగమును విడిచిన వెలగపూడి రామకృష్ణగారి కె.సి.పి. సంస్థ 1941లో ఉయ్యూరున చక్కెరతో ఆరంభమయ్యెను. 1958లో మాచెర్లలో సిమెంటు తయారీ చేపట్టెను. మన ముక్త్యాలలో సిమెంటు కర్మాగారము వచ్చినది 2011లో. మొదటి మెట్టునకును ఈ మెట్టునకును నడుమ డెబ్బది సంవత్సరములు. రెండేండ్లలో రెండంతస్తులు కట్టదలచు యువకులు ఈ కాలక్రమమును గమనింతురు గాక.

సిమెంటు కర్మాగారములు వచ్చిన చోట వాటిని ఆశ్రయించి లారీలు, మరమ్మతు షెడ్లు, భోజనశాలలు, విడిభాగములు చేయు చిన్న యూనిట్లు పుట్టును. పెద్ద సంస్థకు సరకిచ్చుట గౌరవమే. కాని బిల్లు నెలల తరబడి నిలిచినచో చిన్నవాడు వడ్డీలతో చితికిపోవును. వస్తువులు తయారుచేసి గాని సేవలందించి గాని జీవించు చిన్న యూనిట్లకు 2006 నాటి చట్టము రక్షణ కల్పించినది. ఒప్పందమున ఎంత గడువు వ్రాసికొన్నను కొనుగోలుదారు 45 దినములకు మించకుండ సొమ్ము చెల్లింపవలెను. మించిన యెడల వడ్డీతో చెల్లింపవలెను. దీని కొరకు ఉద్యం నమోదు చేయించుకొనవలెను. దానికి రుసుము లేదు. మధ్యవర్తికి ధారపోయవలసిన పని లేదు.

విస్తరణకు ముందు మూడు పరీక్షలు. ఇంటిలో పని చేయు అందరి కూలి వ్రాసిన పిమ్మటను లాభము మిగులుచున్నదా? రావలసిన బాకీలు ఒక్క నెల ఆగినను సరకు కొనగలమా? మొదటి అప్పు సగమైనను తీరినదా? మూడింటికిని అవునను సమాధానము వచ్చిన నాడే రెండవ మెట్టు ఎక్కవలెను.

4. లక్కమ్మ అడిగిన మాట

భక్తుడైనవానికి లెక్కలెందులకు అనువారు కలరు. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భండారి. రాజధనమును దుర్వినియోగము చేసెనని నింద వచ్చినప్పుడు భండారమును లెక్కింపగా సొమ్ము సరిపోయెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. భక్తికి లెక్క విరోధము కాదు. లెక్క సరిగా నుండుటచేతనే ఆ మహాత్ముని భక్తి నింద నుండి తేలినది.

కల్యాణమున ఆయ్దక్కి మారయ్య యను శరణుడుండెను. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట అతని కాయకము. వాటితోనే జంగమ దాసోహము నడచుచుండెను. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికన్న ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ సంతసింపలేదు. ఇది మన అవసరమునకు మించినది, ఆశతో తెచ్చినది, తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపెను. మారయ్య మారు మాటాడక పోయి వచ్చెను.

ఈ కథను లోభము కూడదను నీతిగా చెప్పుకొనుట పరిపాటి. మరియొక సంగతి కూడ ఇందు కలదు. ఆ ఇంట ఎంత వచ్చినదో లక్కమ్మకు తెలియును. ఎంత చాలునో నిర్ణయించు అధికారము ఆమెకు కలదు. లెక్క ఎరిగిన ఇల్లాలు కాదని చెప్పగలిగినందుననే మారయ్య కాయకము శుద్ధముగా నిలిచినది. నేటి ఇండ్లలో ఎందరు లక్కమ్మలకు కొట్టు పద్దు పుస్తకము చూపబడుచున్నది? రెండవ అప్పు తెచ్చు దినమున ఎందరిని అడుగుచున్నాము?

పదునేడు వందల యేండ్లకు పూర్వమే ఈ గడ్డపై ఒక చేతిపనివాడు తల్లి పేరును, భార్య పేరును రాతిపై చెక్కించెను. మనకు రాయి అక్కరలేదు. పద్దు పుస్తకమున ఒక వరుస చాలును. ఆమె పేరు, ఆమె కూలి అందు వ్రాసిననాడు లాభమేదో నష్టమేదో తేటపడును. దాసోహమునకు తీయు సొమ్ము కూడ ఒకరి శ్రమను మరుగుపరచి తీసినది కాక నిజమైన మిగులు నుండి తీసినదగును.

మననమునకు

ఇంటిల్లిపాది కూర్చుండి ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొనవలెను.

1. మన వ్యాపారమున పని చేయువారెందరు? పద్దులో కూలి వ్రాయబడినవారెందరు?
2. మనము చెల్లించు వడ్డీ సాలుకు నూటికి ఎంత?
3. గడచిన సంవత్సరము లాభమని తలచినది ఎవరి శ్రమ?
4. కొట్టు, లైసెన్సు, బ్యాంకు ఖాతా ఎవరి పేర నున్నవి? అట్లుండుటకు కారణమేమి?