చెక్కు మీద రెండో సంతకం

శంషాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ముప్ఫై ఏళ్లకు పైగా పంచాయతీ కారోబార్‌గా చేశాను. ఇంటి పన్ను, నల్లా బిల్లు, మోరీలు తీయించడం, దండోరా వేయించడం అన్నీ మా నెత్తినే. మొన్న పక్క పంచాయతీలో కొత్తగా గెలిచిన వార్డు మెంబర్లు ఇద్దరు ఇంటికొచ్చి "ఏమన్నా చెప్పు పెద్దాయనా" అన్నారు. చెప్పినవి ఇవి.

1. బోర్డు కాదు, సంతకం ఎవరిదో చూడండి. 2018లో శంషాబాద్ పంచాయతీ మున్సిపాలిటీ అయింది. 2025 చివర్లో 27 పురపాలికలను జీహెచ్‌ఎంసీలో కలిపినప్పుడు అదీ పోయింది. ఏడేళ్లలో మూడు బోర్డులు. పెయింటర్‌కు పని దొరికింది.

2. ఉపసర్పంచ్‌తో అలక పెట్టుకోవద్దు. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక చెక్కు మీద సర్పంచ్‌తోపాటు ఆయనా సంతకం చెయ్యాలి. ఒకరి మీద ఒకరికి కాపలా అన్న ఆలోచన మంచిదే. కానీ ఒక ఊళ్లో వీధిదీపాలు తనను అడక్కుండా వేశారని ఉపసర్పంచ్ అలిగాడు. అంతలో బోరు మోటారు కాలింది. వైండింగ్ చేసేవాడు పాత బాకీ తీరిస్తేనే ముట్టుకుంటానన్నాడు. చెక్కును కవర్లో పెట్టుకుని టమాట చేనుకు పోతే, "చేతులు తడిగున్నయ్, రేపు రా" అన్నాడాయన. ఆ రేపు నాలుగు రోజులు సాగింది. ఐదో రోజు వాళ్లావిడ ఖాళీ బిందె తెచ్చి ఆయన ముందు ఠంగున పెట్టింది. అక్కడే, గట్టు మీద కూర్చుని సంతకం చేశాడు.

3. ఊరూరా ట్రాక్టర్ కొనిపించారు. చెత్త ఎత్తడానికి నిజంగానే పనికొచ్చింది, కాదనను. కిస్తీ, డీజిల్ మాత్రం పంచాయతీవే. బడ్జెట్‌లో పది శాతం మొక్కలకు తీసిపెట్టాలి. ఇక మోరీకి మిగిలేదెంతో ముందే లెక్క కట్టుకోండి.

4. ముద్ర వేసేముందు ఆ అధికారం మనకుందో లేదో చూసుకోండి. 1996లో వచ్చిన 111 జీవో జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసింది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. అదే ఏడు విమానాశ్రయ అభివృద్ధి సంస్థ హడాను కూడా కలిపేసుకుని హెచ్‌ఎండీఏ వచ్చింది. లేఔట్ అనుమతి మా చేతిలో లేదు, జనం మాత్రం మా దగ్గరికే వచ్చేవారు. పంచాయతీ ముద్ర చూసి ప్లాట్లు కొన్నవాళ్లు 2020లో లేఔట్ల క్రమబద్ధీకరణ (ఎల్‌ఆర్‌ఎస్) కోసం వెయ్యి రూపాయలు కట్టి వరసలో చేరారు. ఆ ముద్రల్లో నేను వేసినవీ కొన్ని ఉన్నాయి. ఒప్పుకుంటున్నాను.

5. ఎన్నికలు తప్పితే ఊరుకోవద్దు. బెంగళూరు రోడ్డు మీద మనకు ఎగువనున్న షాద్‌నగర్‌లోనే 1959లో నెహ్రూ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. అలాంటి గడ్డ మీద 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ దాకా సర్పంచే లేడు. ప్రత్యేకాధికారి మంచివాడే కావచ్చు, పొద్దున్నే వెళ్లి తిట్టడానికి ఆయన ఇల్లు మన ఊళ్లో ఉండదు కదా.

6. మా అల్లుడు వార్సాలో ఉంటాడు. కమ్యూనిస్టు పాలన పోగానే, 1990లోనే పోలండ్ ఊళ్లకు స్వపరిపాలన తిరిగిచ్చిందట. అక్కడ గ్మినా అంటే మన పంచాయతీ లాంటిది. మనిషి కట్టే ఆదాయపు పన్నులో అతను కాపురముండే గ్మినాకు వాటా పోతుంది. అందుకే "మా ఊరి చిరునామా మీద పన్ను లెక్క చూపండి" అని వార్సా నగరం కూడా బతిమాలుకుంటుందట! ఇక్కడ విమానాశ్రయంలో వేలమంది జీతగాళ్లున్నా, వాళ్ల ఆదాయపు పన్నులోంచి మనకు నేరుగా పైసా రాదు. ఇది మీ చేతిలో లేదు. అయినా అడుగుతూ ఉండండి.

7. రసీదు ఇవ్వకుండా రూపాయి ముట్టుకోవద్దు.

వాళ్లు లేచి వెళ్తుంటే పక్క గల్లీ ముసలమ్మ వచ్చింది. "మోరీ నిండింది, ఇప్పుడెవలకు చెప్పాలె బిడ్డా?" అంది. జీహెచ్‌ఎంసీ ఫోన్ నంబర్ రాసిచ్చాను. కాగితం కొంగున ముడేసుకుని, మా అరుగు మీదే కూర్చుంది.