ట్రాక్టరు ఇంజనును ఎంతసేపు వేడి చేయవలెను?



ఉదయముననే ట్రాక్టరు తీయు రైతులలో రెండు అలవాట్లు కనబడుచుండును. కొందరు ఇంజను స్టార్టయిన మరుక్షణమే పొలములో నాగలి దించి దున్నుటకు మొదలిడుదురు. మరికొందరు ఇంజను స్టార్టు చేసి వదలి, పాలు పితికి, కాఫీ త్రాగి, పావుగంట గడచిన పిమ్మట వచ్చి ట్రాక్టరు ఎక్కుదురు. ఇంజను ఎంతసేపు తిరిగిన అంత మంచిదని వీరి నమ్మకము. ఈ రెండు అలవాట్లును ఇంజనుకు చేటు చేయునవే. మొదటిదానివలన ఇంజను త్వరగా అరిగిపోవును. రెండవదానివలన డీజిలు వృథా యగుటయేగాక ఇంజను లోపల మసియు నీరును చేరును. సరియైన పద్ధతి ఈ రెండింటి నడుమ నున్నది. లోపల జరుగు సంగతి తెలిసికొన్నచో ఎంతసేపు చాలునో మీరే నిర్ణయించుకొనగలరు.

చల్లని ఇంజనులో జరుగునదేమి?

రాత్రి యంతయు ఆగియున్న ఇంజనులో ఆయిలు క్రిందికి జారి అడుగునున్న సంపులో చేరును. వాల్వులమీదను, బేరింగులలోను పలుచని పొర మాత్రమే మిగులును. మరల స్టార్టు చేసినప్పుడు ఆయిలు పంపు ఆ ఆయిలును పైకి లాగి అన్ని భాగములకు అందించుటకు కొన్ని సెకనులు పట్టును. పైగా చల్లని ఆయిలు చిక్కగా నుండును. బెల్లపు పాకము పొయ్యిమీద ఎంత జారుగా నుండునో, దించి చల్లార్చిన తరువాత ఎంత చిక్కబడునో మీరెరుగుదురు. ట్రాక్టర్లలో విరివిగా వాడు 15 డబ్ల్యు 40 రకపు ఆయిలు, 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కంటె 40 డిగ్రీలలో సుమారు 7 రెట్లు చిక్కగా నుండును. చలికాలపు ఉదయమున ఇంకను చిక్కగా నుండును.

రెండవ సంగతి పిస్టనుది. పిస్టను అల్యూమినియముతో చేసినది; దాని చుట్టునున్న లైనరు పోత ఇనుముతో చేసినది. ఒకే వేడికి అల్యూమినియము పోత ఇనుముకంటె ఇంచుమించు రెండు రెట్లు వ్యాకోచించును. ఇంజను చల్లగా నున్నప్పుడు ఈ రెండింటి నడుమ సందు ఎక్కువగా నుండును. అప్పుడే నాగలి దించి పూర్తి బరువు పెట్టినచో, మంట తగులు పిస్టను తల త్వరగా వేడెక్కి ఉబ్బును. లైనరు, బ్లాకు అంత త్వరగా వేడెక్కవు. సందు తగ్గి, ఆయిలు పొర తెగి, లైనరుమీద గీతలు పడును. ఒక్కొక్కప్పుడు పిస్టను పట్టివేయును. అట్టి ఇంజను విప్పి బాగు చేయించుటకు ఎంత ఖర్చగునో, దుక్కి అదనులో ట్రాక్టరు షెడ్డున పడియుండుటవలన ఎంత నష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఊరక నిలిపి త్రిప్పుట ఎందుకు తగదు?

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలిని 16 నుండి 18 వంతులలో ఒక వంతుకు నొక్కుటవలన అది 500 డిగ్రీలకు మించి వేడెక్కును. ఆ వేడికే డీజిలు అంటుకొనును. బరువు లేక నెమ్మదిగా తిరుగు ఇంజనులో కాలు డీజిలు తక్కువ, పుట్టు వేడియు తక్కువ. అందుచే లోపలి గోడలు చాలసేపు చల్లగానే యుండి, డీజిలు కొంత కాలక మిగులును. స్టార్టు చేసిన వెంటనే పొగగొట్టమునుండి వచ్చు తెల్లని పొగ చాలవరకు ఇదియే. కాలని డీజిలు లైనరుమీది ఆయిలు పొరను కడిగి, క్రిందికి జారి సంపులోని ఆయిలును పలుచన చేయును.

ఇక నీటి సంగతి వినుడు. 1 లీటరు డీజిలు పూర్తిగా కాలినప్పుడు ఇంచుమించు 1 లీటరు నీరు పుట్టును. అది ఆవిరి రూపమున పొగతో బయటికి పోవును గనుక మనకు కనబడదు. కాని కొంత ఆవిరి పిస్టను రింగుల ప్రక్కనుండి సంపులోనికి దిగును. ఇంజను బాగుగా వేడెక్కి పనిచేయుచున్నచో ఆ ఆవిరి బయటపడిపోవును. చల్లని ఇంజనులో మాత్రము అది నీరుగా మారి, ఆయిలుతోను మసితోను కలిసి చిక్కని మడ్డిగా మారును. ఆ మడ్డి ఆయిలు దారులను మూసివేయును.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. నిలిపి త్రిప్పినప్పుడు వేడెక్కునది ఇంజను మాత్రమే. గేరుపెట్టె, డిఫరెన్షియలు, హైడ్రాలికు వీనిలోని ఆయిలు బండి కదలి పని చేసిననే తగినట్లు వేడెక్కును. కావున ట్రాక్టరు మొత్తమును వేడి చేయుటకు మంచి మార్గము దానిని తేలికగా నడుపుటయే.

ఖర్చు లెక్క కూడ చూతము. నిలిచి తిరుగు ట్రాక్టరు గంటకు 1 లీటరు డీజిలు త్రాగుననుకొందము. రోజుకు 10 నిమిషములు అదనముగా త్రిప్పినచో, 100 పని దినములకు ఇంచుమించు 17 లీటర్లు వృథా యగును.

ఆచరింపదగిన పద్ధతి

1. స్టార్టు చేయుటకు ముందు ఆయిలు పుల్ల తీసి మట్టము చూడుడు. రేడియేటరులో నీరు చూడుడు. గేరు న్యూట్రలులో నుంచి, పి.టి.ఓ. విడదీసి, క్లచ్చి నొక్కుడు.

2. సెల్ఫును ఒకసారికి 10 నుండి 15 సెకనులకు మించి నొక్కరాదు. అంటుకొననిచో ఒక నిమిషమాగి మరల ప్రయత్నింపుడు. స్టార్టయిన వెంటనే యాక్సిలరేటరు పెంచి ఇంజనును అరిపింపకుడు.

3. ఆయిలు ప్రెషరు దీపము కొన్ని సెకనులలో ఆరిపోవలెను. ఆరనిచో ఇంజనును వెంటనే ఆపివేసి కారణము కనుగొనుడు.

4. ఇంజనును నిమిషమునకు 1000 చుట్ల వేగమున 1 లేక 2 నిమిషములు త్రిప్పుడు. ఆదిలాబాదు, అరకు వంటి చలి ప్రాంతములలో, 10 డిగ్రీలకు దిగువనుండు ఉదయములలో 3 నుండి 5 నిమిషములు త్రిప్పవచ్చును.

5. ఆ పిమ్మట బయలుదేరి, నడిమి గేరులో సగము వేగముతో పొలమునకు పొండు. పొలము ఇంటి ప్రక్కనే యున్నచో మొదటి 5, 10 నిమిషములు తేలిక పని చేయుడు. హైడ్రాలికు చేతులను రెండు మూడు సారులు ఎత్తి దించుడు. వేడి మీటరు ముల్లు పచ్చ గీతలోనికి వచ్చువరకు నాగలిని గాని రోటవేటరును గాని లోతుగా దింపరాదు. నిండు ట్రాలీని లాగుటకును ఇదియే నియమము.

6. ఆపునప్పుడు కూడ తొందర వలదు. టర్బో గల ఇంజనులో బరువైన పని ముగిసిన పిమ్మట 2 లేక 3 నిమిషములు నెమ్మదిగా తిరుగనిచ్చి ఆపుడు. వెంటనే ఆపినచో ఆయిలు అందక, టర్బో బేరింగులోని ఆయిలు మాడి గట్టిపడును.

మీ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములో వేరు సూచన యున్నచో దానినే పాటింపుడు.

కారుకు, మోటారు సైకిలుకు ఏమి?

పాత పెట్రోలు బండ్లలో కార్బురేటరు ఉండెడిది. 1983లో వచ్చిన మారుతి 800 కూడ మొదట అట్టిదే. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనుక చోకు లాగి, కొంతసేపు ఇంజనును త్రిప్పక తప్పెడిది కాదు. పావుగంట వేడి చేయు అలవాటునకు ఇదియు నొక మూలము. నేటి బండ్లలో ఇంజను వేడినిబట్టి పెట్రోలును తగు పాళ్ళలో చిమ్ము ఏర్పాటు కలదు. వానికి అర నిమిషము చాలును. పిమ్మట మొదటి 3, 4 కిలోమీటర్లు వేగము పెంచక నడుపవలెను. కెనడా, రష్యా వంటి మంచు దేశములలో సున్నాకు 20, 30 డిగ్రీల దిగువ చలిలో ఇంజను బ్లాకును విద్యుత్తుతో వేడి చేయుదురు. ఆ చలి వేరు, మన చలి వేరు.

ప్రాణాపాయము

మూసిన షెడ్డులో గాని, ఇంటినంటి యున్న కొట్టములో గాని ఇంజనును స్టార్టు చేసి వదలరాదు. పొగలోని కార్బను మొనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. పెట్రోలు ఇంజను పొగలో ఇది మరింత ఎక్కువ. మూసిన చోట మనిషి తలనొప్పితో మొదలై, తెలియకుండగనే స్పృహ తప్పి మరణింపవచ్చును. తలుపులు పూర్తిగా తెరచి, స్టార్టయిన వెంటనే బండిని ఆరుబయటికి తెండు. ఇంజను తిరుగుచుండగా బండిని వదలి పోకుడు. పిల్లలు ఎక్కి గేరు కదపవచ్చును.

కావున సోదరులారా, ఒకటి రెండు నిమిషములు ఆగుడు. పిమ్మట కొంతదూరము తేలికగా నడుపుడు. ముల్లు పచ్చ గీత చేరిన తరువాతనే బరువు పెట్టుడు. దీనికి పైసా ఖర్చు లేదు. ఈ పాటి ఓపిక చూపినచో ఇంజను చిరకాలము మన్నును, అదనులో మీ దుక్కి ఆగదు.