టర్బో కారు గాలి దారి: అండమాన్ ఉప్పుతేమలో ఏ మార్పు మేలు?

కారు వేగం పెరగాలని కోరుకునేవారు మొదట చేయించే మార్పుల్లో ఎయిర్ ఇన్‌టేక్ ఒకటి. కంపెనీ అమర్చిన నల్లటి ప్లాస్టిక్ ఫిల్టర్ పెట్టెను తీసేసి, దాని స్థానంలో శంఖాకారపు ఫిల్టర్, వెడల్పాటి గొట్టం బిగిస్తారు. ఇంజిన్‌కు గాలి ధారాళంగా అందితే శక్తి పెరుగుతుందన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. ఈ ఆలోచన పూర్తిగా తప్పు కాదు. అయితే టర్బోచార్జర్ ఉన్న ఇంజిన్‌లో లెక్క వేరుగా ఉంటుంది. చుట్టూ సముద్రం, ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన, గాలిలో ఎప్పుడూ తేమ ఉండే అండమాన్ నికోబార్ దీవుల్లో ఆ లెక్క మరింత మారుతుంది.

టర్బోలో గాలి ప్రయాణం

ఇంజిన్ శక్తి అది ఎంత ఇంధనాన్ని సరిగా మండించగలదన్న దానిపై ఆధారపడుతుంది. ఇంధనం మండాలంటే ఆక్సిజన్ కావాలి. సాధారణ ఇంజిన్ పిస్టన్ కిందికి దిగినప్పుడు గాలిని పీల్చుకుంటుంది. టర్బోచార్జర్ మాత్రం బయటికి పోయే పొగ వేగంతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు ఉన్న రెండో చక్రంతో గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే ఈ సూత్రానికి పేటెంట్ పొందారు. నేటి కార్లలో ఈ చక్రాలు నిమిషానికి లక్షకు పైగా సార్లు తిరుగుతాయి.

గాలి ముందుగా ముక్కు గొట్టం ద్వారా ఫిల్టర్ పెట్టెలోకి వస్తుంది. అక్కడినుంచి చాలా కార్లలో గాలి పరిమాణాన్ని కొలిచే సెన్సర్ మీదుగా టర్బో కంప్రెసర్‌కు చేరుతుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది కాబట్టి దాన్ని ఇంటర్‌కూలర్‌లో చల్లబరచి సిలిండర్లకు పంపుతారు. ఎంత ఒత్తిడి పుట్టించాలో ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, నిర్ణయిస్తుంది.

ఈ చివరి మాట కీలకం. ఫిల్టర్ వద్ద గాలికి కొంచెం అడ్డు ఉన్నా ఈసీయూ టర్బోను మరికాస్త వేగంగా తిప్పించి, కావలసిన ఒత్తిడిని తెప్పించుకుంటుంది. అడ్డు తగ్గితే టర్బో శ్రమ తగ్గుతుంది; ఒత్తిడి మాత్రం ఈసీయూ నిర్ణయించిన చోటే ఆగుతుంది. అందుకే ఫిల్టర్ మార్చినంత మాత్రాన టర్బో కారు శక్తి పెద్దగా పెరగదు. టర్బో కాస్త త్వరగా స్పందించడం వంటి చిన్న లాభమే దక్కుతుంది.

అడ్డు ఎంత, వేడి ఎంత?

ఒక ఉదాహరణ చూద్దాం. బయటి గాలి 30 డిగ్రీల సెల్సియస్, వాతావరణ పీడనం 101 కిలోపాస్కల్‌లు అనుకుందాం. కంప్రెసర్ దక్షత 72 శాతం, అది గాలిని 200 కిలోపాస్కల్‌ల వరకు నొక్కుతుంది. ఫిల్టర్ వద్ద పీడన నష్టం 3 కిలోపాస్కల్‌లు ఉంటే కంప్రెసర్ నుంచి వచ్చే గాలి సుమారు 125 డిగ్రీలు ఉంటుంది. ఆ నష్టాన్ని 1 కిలోపాస్కల్‌కు తగ్గిస్తే 122 డిగ్రీలు. తేడా 3 డిగ్రీలు. ఇంటర్‌కూలర్ దాటాక అది ఒక్క డిగ్రీకి అటూఇటుగా మిగులుతుంది.

ఇప్పుడు రెండో సందర్భం. కొత్తగా బిగించిన ఫిల్టర్‌కు పెట్టె లేదు. బానెట్ కింద వేడెక్కిన 50 డిగ్రీల గాలిని అది పీల్చుకుంటోంది. అప్పుడు కంప్రెసర్ నుంచి వచ్చే గాలి 148 డిగ్రీలకు చేరుతుంది. లోపలికి వచ్చే గాలిలో 20 డిగ్రీల తేడా బయటికి వచ్చేసరికి 26 డిగ్రీలు అయింది. ఇంటర్‌కూలర్ దక్షత 70 శాతం అనుకుంటే సిలిండర్లకు చేరే గాలి 58 డిగ్రీలకు బదులు 65 డిగ్రీలు ఉంటుంది. గాలి సాంద్రత రెండు శాతానికి పైగా తగ్గుతుంది. పెట్రోల్ ఇంజిన్‌లోనైతే వేడి గాలి వల్ల నాకింగ్ ముప్పు పెరుగుతుంది. దాన్ని తప్పించడానికి ఈసీయూ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. శక్తి ఇంకా తగ్గుతుంది.

అంటే గాలికి అడ్డు తగ్గించి సంపాదించిన దానికన్నా, వేడి గాలిని పీల్చి పోగొట్టుకునేదే ఎక్కువ. కంపెనీ ఇచ్చిన పెట్టె చూడటానికి సాదాగా ఉన్నా, బానెట్ వేడి తగలకుండా బయటి చల్లని గాలిని తెస్తుంది. అండమాన్ ట్రంక్ రోడ్డులో జరవా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా వాహనాలు నిర్ణీత వేళల్లో, వరుసగా, నెమ్మదిగా సాగాలి, ఒకదాన్నొకటి దాటకూడదు. అలాంటి నడకలో ఎదురుగాలి తక్కువ కాబట్టి బానెట్ కింద వేడి పేరుకుపోతుంది. పెట్టె లేని ఫిల్టర్‌కు ఇది అన్నిటికన్నా కష్టమైన పరిస్థితి.

కంటికి కనిపించని నీరు

30 డిగ్రీల వేడిలో సాపేక్ష ఆర్ద్రత 80 శాతం ఉంటే గాలి పీడనంలో సుమారు 3.4 కిలోపాస్కల్‌లు నీటి ఆవిరిదే. పొడి గాలితో పోలిస్తే ఆక్సిజన్ అంతమేరకు, అంటే 3.4 శాతం తక్కువ. ఏ ఫిల్టరూ ఈ లోటును తీర్చలేదు. ఫిల్టర్ మార్పుతో వస్తుందని ఆశించే లాభాన్ని మించిన తేడా వాతావరణంలోనే ఉంది.

అలాంటి గాలిలో ఒక ఘనపు మీటరుకు సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఒకటిన్నర లీటర్ల ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరిగితే, టర్బో ఒత్తిడిని లెక్కలోకి తీసుకోకపోయినా, గంటకు సుమారు 90 ఘనపు మీటర్ల గాలిని పీల్చుకుంటుంది. దాంతోపాటు రెండు లీటర్ల నీరు ఆవిరి రూపంలో ఇంజిన్ గుండా పోతుంది.

ఆవిరిగా ఉన్నంతసేపు ఈ నీటితో హాని లేదు. కానీ గాలిని రెండింతలు నొక్కితే ఆవిరి పీడనం కూడా రెండింతలవుతుంది. అప్పుడు మంచు బిందు ఉష్ణోగ్రత దాదాపు 38 డిగ్రీలకు చేరుతుంది. వాన నీటికి తడిసి ఇంటర్‌కూలర్ అంతకన్నా చల్లబడితే లోపల నీటి బొట్లు పేరుకుంటాయి. అందుకే తేమ ప్రాంతాల్లో ఇంటర్‌కూలర్‌ను ఇంకా పెద్దది చేయడం అన్నివేళలా మేలు కాదు.

ఉప్పు ఎలా చేరుతుంది?

అలలు విరిగినప్పుడు లేచే తుంపరల నుంచి సూక్ష్మమైన ఉప్పు రేణువులు గాలిలో కలుస్తాయి. సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే సాధారణ ఉప్పు గాలిలోని తేమను పీల్చి తానే ద్రావణంగా మారిపోతుంది. వానకాలంలో వంటింటి డబ్బాలో ఉప్పు నీరుకారడానికి కారణం ఇదే. అండమాన్‌లో ఆర్ద్రత తరచూ ఈ హద్దు దాటుతుంది కాబట్టి అక్కడ ఉప్పు పొడి ధూళిగా కాక సన్నని బిందువులుగా ఫిల్టర్‌ను తాకుతుంది.

కాగితపు ఫిల్టర్ ధూళిని బాగా ఆపుతుంది. తడి ఉప్పు మాత్రం కాగితంలోకి ఇంకుతుంది. ఆరితే స్ఫటికాలుగా మారి రంధ్రాలను పూడుస్తుంది. తేమ పెరిగితే మళ్లీ కరిగి లోపలి వైపుకు జరుగుతుంది. దాటిపోయిన ఉప్పు అల్యూమినియం కంప్రెసర్ చక్రం మీద గుంటలు పడేలా తినేస్తుంది. లక్ష చుట్లతో తిరిగే చక్రానికి చిన్న గుంట కూడా సమతూకాన్ని చెడగొట్టగలదు. నౌకల్లోని గ్యాస్ టర్బైన్లకు ఫిల్టర్‌కు ముందే నీటి బిందువులను వేరుచేసే పలకలు అమర్చేది ఇందుకే. కారులో ఆ పనిని కొంతవరకు ఫిల్టర్ పెట్టె చేస్తుంది. గాలి అందులో మలుపు తిరిగేటప్పుడు బరువైన బొట్లు గోడకు తగిలి, అడుగున ఉన్న రంధ్రం గుండా జారిపోతాయి.

బారాటాంగ్ వెళ్లే దారిలో వాహనాలను ఫెర్రీల మీద జలసంధి దాటించడం దీవుల్లో అలవాటైన విషయం. తెరిచిన ఫిల్టర్ ఉన్న కారుకు అక్కడి ఉప్పు తుంపర్లు సూటిగా తగులుతాయి.

నలభై మిల్లీలీటర్ల ప్రమాదం

చల్లని గాలి కోసం కొందరు ఫిల్టర్‌ను బంపర్ వెనుక, చక్రం దగ్గర కిందికి అమరుస్తారు. వేడి సమస్య తీరుతుంది కానీ నీటి సమస్య మొదలవుతుంది. ఒకటిన్నర లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌లో, సంపీడన నిష్పత్తి 10 అయితే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ సుమారు 42 మిల్లీలీటర్లే. నిష్పత్తి 16 ఉన్న డీజిల్ ఇంజిన్‌లో అది 25 మిల్లీలీటర్లు, అంటే ఐదు చిన్న చెంచాలు. నీరు నొక్కితే కుదించుకుపోదు. ఆ కొద్దిపాటి నీరు ఒకే సిలిండర్‌లోకి చేరినా కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. రోడ్డు మీద నీరు నిలిచే చోట గాలి ముక్కు ఎంత ఎత్తున ఉంటే అంత మంచిది.

సెన్సర్‌కు చేసే మోసం

గాలిని కొలిచే సెన్సర్ తన గొట్టం వ్యాసానికి తగ్గట్టు క్రమాంకనం చేసి ఉంటుంది. 70 మిల్లీమీటర్ల గొట్టానికి బదులు 76 మిల్లీమీటర్లది పెడితే, అదే పరిమాణం గాలికి సెన్సర్ వద్ద వేగం సుమారు 15 శాతం తగ్గుతుంది. గాలి తక్కువగా వచ్చిందని ఈసీయూ పొరబడుతుంది. పెట్రోల్ ఇంజిన్‌లో ఇంధనం చాలక దహన ఉష్ణోగ్రతలు పెరగవచ్చు. డీజిల్‌లో ఈసీయూ ఇంధనాన్ని తగ్గించి శక్తిని కోయవచ్చు. నూనె రాసే గుడ్డ ఫిల్టర్లకు నూనె ఎక్కువైతే అది సెన్సర్ తీగకు అంటుకొని కొలతను తప్పిస్తుంది.

కొత్త ఇన్‌టేక్ బిగించాక కారు దూకుతున్నట్టు అనిపించడానికి చాలాసార్లు కారణం శబ్దమే. టర్బో ఈల వినపడకుండా కంపెనీ పెట్టె ధ్వనిని అణచి ఉంచుతుంది. పెట్టె పోగానే ఆ శబ్దం బయటపడుతుంది. శబ్దం పెరిగినంత మాత్రాన శక్తి పెరిగినట్టు కాదు.

కొలిచి చూసి మార్చాలి

మార్పు అవసరమో కాదో తేల్చడానికి రెండు కొలతలు చాలు. మొదటిది, ఫిల్టర్‌కు ముందూ వెనుకా పీడన తేడా. వర్క్‌షాపులో గేజ్‌తో దీన్ని చూడవచ్చు. శుభ్రమైన ఫిల్టర్‌తోనూ పూర్తి వేగంలో తేడా ఎక్కువగా ఉంటేనే గాలి దారిని వెడల్పు చేయడంలో అర్థముంది. రెండోది, గాలి ఉష్ణోగ్రత. ఓబీడీ స్కానర్‌లో కనిపించే ఇన్‌టేక్ ఉష్ణోగ్రతను బయటి ఉష్ణోగ్రతతో పోల్చాలి. మార్పుకు ముందూ తర్వాతా ఒకే దారిలో, ఒకే వేళలో కొలవాలి.

దీవుల్లోని కారుకు ఎక్కువ మేలు చేసేవి ఖరీదైన పరికరాలు కావు. ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన గడువుకన్నా ముందే మార్చడం, పెట్టె మూత రబ్బరు సీలు బిగువుగా ఉందో చూడటం, అడుగు రంధ్రం పూడకుండా శుభ్రం చేయడం, ముక్కు గొట్టానికి పగుళ్లు లేకుండా చూసుకోవడం, ఇంటర్‌కూలర్ రెక్కల మీది ఉప్పును మంచినీటితో కడగడం ముఖ్యం. ఎక్కువ నీటిలో తిరిగే వాహనానికి గాలి ముక్కును పైకెత్తే స్నార్కెల్ పనికొస్తుంది.

చట్టాన్నీ గుర్తుంచుకోవాలి. తయారీదారు పేర్కొన్న మూల వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 నియంత్రిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. కాబట్టి ఏ మార్పు చేసే ముందైనా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం క్షేమం.

శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్)కు సరుకులు ఎక్కువగా చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి ఓడల్లో చేరతాయి. ఉప్పు తిన్న టర్బోకు బదులు కొత్తది కావాలంటే ఖర్చుతోపాటు ఓడ కోసం నిరీక్షణ కూడా తప్పదు. టాక్సీ మీద బతికే కుటుంబానికి ఆ రోజులన్నీ ఆదాయం లేని రోజులే. అక్కడ మంచి ఇన్‌టేక్ అంటే ఎక్కువ గాలిని పీల్చేది కాదు. చల్లని, పొడి, ఉప్పులేని గాలిని తెచ్చేది.