ఈ వోచర్‌కి బిల్లేదండీ?

మా పిన్నికి ఒకటే బెంగ. కూతురు సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ గట్టెక్కి గుంటూరులో ఒక ఆడిటర్ గారి దగ్గర ఆర్టికల్‌షిప్ శిక్షణలో చేరింది. చుట్టాలు "జీతమెంతే?" అని అడిగితే ఏం చెప్పాలో ఆవిడకి తోచడం లేదట. జీతం కాదు పిన్నీ, స్టైపెండ్ అన్నాను. "ఏదైతేనేం, బస్సులకీ టిఫిన్లకీ చెల్లు" అంది. మాట నిజమే. 2023లో సీఏ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడేళ్ల ఆర్టికల్‌షిప్‌ని రెండేళ్లకి కుదించి, కనీస స్టైపెండ్‌ని రెట్టింపు చేశారు. రెట్టింపైనా హైదరాబాదులో హాస్టల్ అద్దెకి కూడా చాలదు. డబ్బు కోసమైతే ఈ దారికి రావద్దమ్మా, మొదటి రెండేళ్లూ ఇంట్లోవాళ్లే మోయాలి.

మరి ఏం నేర్చుకుంటోందీ పిల్ల అని మొన్న సెలవుకి వచ్చినప్పుడు కూర్చోబెట్టి అడిగాను. జీఎస్టీ, టీడీఎస్ అంటుందనుకున్నాను. "అడగడం నేర్చుకుంటున్నానక్కా" అంది.

మొదట్లో దానికిచ్చింది వోచింగ్ పని. ఒక మిర్చి వ్యాపారి ఏడాది పొడుగు వోచర్లూ కట్టలు కట్టి ముందేశారు. ఒక్కో వోచర్‌నీ బిల్లుతో, ఖాతాతో సరిచూసి టిక్కు పెట్టాలి. రెండు రోజులకే నిద్రొచ్చే పని. అలా టిక్కులు పెడుతుంటే ఒకచోట దీని చెయ్యి ఆగింది. ఒకే గోతాల కొట్టుకి వరుసగా నాలుగు రోజులు, రోజుకి తొమ్మిది వేల తొమ్మిది వందల చొప్పున నగదు. నాలుగూ ఒకే చేతిరాత, ఒకే ఇంకు. ఒకే మనిషికి ఒకే రోజు పదివేలు దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్ను వాళ్లు దాన్ని ఖర్చుగా ఒప్పుకోరు. రైతుకి నేరుగా పంట డబ్బు కట్టినప్పుడు మినహాయింపు ఉంది కానీ, గోతాల కొట్టువాడు రైతు కాడుగా!

ఒకే మొత్తాన్ని ముక్కలు చేశారేమోనని అనుమానం వచ్చి, వెళ్లి వ్యాపారి గుమస్తా గారిని "ఈ వోచర్లకి బిల్లేదండీ?" అని అడిగింది. ఆయనకి అరవై ఏళ్లుంటాయి. "కొత్తగా వచ్చావామ్మా? మీ సార్‌ని రమ్మను, మాట్లాడతా" అన్నాడు. మొహం చిన్నబుచ్చుకుని వచ్చి సార్‌కి చెబితే ఆయన తల కూడా ఎత్తలేదట. "అడిగింది నువ్వు, జవాబు తెచ్చేదీ నువ్వే" అన్నాడు.

నాకా మనిషి నచ్చాడు. ఆడపిల్ల కదా, పాపం, నేను మాట్లాడతాలే అనే పెద్దమనుషులు చాలామందే ఉంటారు. ఆ జాలి వల్ల పిల్లలకి ఒరిగేదేం లేదు.

ఇది మర్నాడు మళ్లీ వెళ్లింది. ఈసారి తేదీ, వోచర్ నంబరు, మొత్తం ఒక కాగితం మీద రాసుకుని, ఆయన ముందు పెట్టి ఊరుకుంది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, బీరువా తీసి వెతికాడు. మూడింటికి బిల్లులు దొరికాయి. నాలుగోది దొరకలేదు, అది సందేహాల జాబితాకి ఎక్కింది. గొడవేం కాలేదు. కాగితం మీద రాసి అడిగితే ఎవరూ కోప్పడరక్కా అంటుంది. ఇరవై ఒక్క ఏళ్లకి దానికి తెలిసింది, నాకు నలభై దాటాక గానీ తెలియలేదు.

ఆ గుమస్తా గారే తర్వాత దీనికో కిటుకు చెప్పాడట. టాలీ సాఫ్ట్‌వేర్‌లో ట్రయల్ బ్యాలెన్స్ ఎలాగూ కలుస్తుంది. కానీ అవతలి పార్టీ పంపిన లెక్కకీ మన ఖాతాకీ తేడా వచ్చిందనుకోండి, ఆ తేడా తొమ్మిదితో శేషం లేకుండా పోతుంటే ఎవరో అంకెలు తారుమారు వేసి ఉంటారని ముందు అనుమానించాలట. 63కి 36 వేస్తే తేడా 27. మీరూ వేసి చూడండి, సరదాగా ఉంటుంది.

ఇక కోల్డ్ స్టోరేజీ సంగతి. మార్చి నెలాఖరులో స్టాకు లెక్కకి పంపారు. మిర్చి బస్తాల వరసల మధ్య తిరుగుతుంటే ఘాటుకి ఒకటే తుమ్ములు. అది సరే, అక్కడ ఆడవాళ్లకి బాత్రూం లేదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నీళ్లు ముట్టకుండా గడిపింది. విని నాకు ఒళ్లు మండింది. ఆడపిల్లల్ని పనికి పంపే ప్రతి ఆఫీసూ ముందుగా చూసుకోవలసిన విషయం ఇది, వీళ్లు సిగ్గుపడి దాచుకోవలసింది కాదు. తర్వాతి చోటికి వెళ్లేముందు ఈ సంగతి తనే సార్‌తో చెప్పింది. ఆయన ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపారు. చూశారా, ఇక్కడా అడగడమే.

అన్ని ఆఫీసులూ ఇలా ఉండవు. దీని స్నేహితురాలొకతె ఆరు నెలలుగా జిరాక్సులు, స్కానింగులతో సరిపెడుతోంది. నేర్పని చోట ఎన్నాళ్లున్నా అది చాకిరీయే, శిక్షణ కాదు.

అమ్మలకీ ఒక మాట. కొత్త పద్ధతిలో ఫైనల్ పరీక్ష ఆర్టికల్‌షిప్ అయ్యాక ఆరు నెలలకి గానీ లేదు. అందుకే మధ్యలో సెలవులు ఏడాదికి 12 రోజులే. నెలనెలా 7న టీడీఎస్, 11న అమ్మకాల రిటర్ను, 20న జీఎస్టీ చెల్లింపు ఉంటాయి. సెప్టెంబర్ నెలంతా టాక్స్ ఆడిట్లే. ఆ రోజుల్లో "పెళ్లికి రాకపోతే మేనత్త ఏమనుకుంటుందే" అని పిల్లని నిలదీయకండి. మేనత్తకి మీరే చెప్పండి.

ఆర్టికల్‌షిప్‌లో చేరబోయే అమ్మాయిలూ, బోర్డు మీద పేరు ఎంత పెద్దదో చూసి సంతకం పెట్టకండి. ఆ ఆఫీసులో ఏడాదిగా ఉన్న సీనియర్‌ని బయట టీ కొట్టు దగ్గర పట్టుకుని, నీకేం పనిచ్చారు, తెలియకపోతే ఎవరు చెబుతారు, రాత్రి ఎన్నింటికి ఇంటికెళ్తావు అని అడగండి. బాత్రూం సంగతి కూడా అడగండి, మొహమాటం వద్దు.