పొద్దుటి బీపీ, రాత్రి మాత్ర

ప్రశ్న: అయ్యా, నాకు 56 ఏళ్లు. మిల్లులో స్పిన్నింగ్ పని, వారం వారం షిఫ్టు మారుతుంది. ఇంట్లో మెషీన్‌తో చూసుకుంటే పొద్దున 150/92, సాయంత్రం 130/80 ఉంటోంది. ఏది నిజం? బీపీ మాత్ర రాత్రిపూట వేసుకుంటేనే పనిచేస్తుందని మా బావమరిది పోరు పెడుతున్నాడు.
- ఓ పాఠకుడు, పీలమేడు, కోయంబత్తూరు

జవాబు: రెండూ నిజమే. రక్తపోటు రోజంతా ఒకేలా ఉండదు. మంచి నిద్రలో పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. మెలకువ వచ్చే వేళకు కార్టిసాల్, అడ్రినలిన్ హార్మోన్లు పెరిగి మళ్లీ పైకెక్కుతుంది. గుండెపోట్లు ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నంలోపు ఎక్కువగా రావడానికి ఇదొక కారణం.

మీ అసలు చిక్కు షిఫ్టులతోనే. 1932లో పైకారా జలవిద్యుత్ కేంద్రం కరెంటు వచ్చాక మీ ఊరి మిల్లులు జోరందుకున్నాయి. మరను ఏ వేళైనా తిప్పొచ్చు, ఒంటిలోని గడియారాన్ని మాత్రం వారానికోసారి తిప్పలేం. పగలు కునుకు సరిగా పట్టక, తగ్గాల్సిన బీపీ తగ్గకుండా ఉండిపోవచ్చు. మీకు 'పొద్దున' అంటే నిద్ర లేచిన వేళ, అది సాయంత్రం నాలుగైనా సరే. లేచిన గంటలోపు, మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీకీ మాత్రకూ ముందు, వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చుని రెండుసార్లు చూడండి. పడుకునే ముందు మళ్లీ అలాగే. వారం రోజులు రాసి, పక్కనే ఏ షిఫ్టో కూడా రాయండి. ఇంట్లో చూసుకునే సగటు 135/85 దాటకూడదు. మీరు రాసిన రెండు కొలతల సగటు అప్పుడే దాటింది. ఆ కాగితం డాక్టరుగారికి చూపించి, 24 గంటల బీపీ పరీక్ష అవసరమా అని అడగండి.

బావమరిదిగారి మాటను బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా రోగులపై పరీక్షించారు. 2022లో తేలిందేమిటంటే, మాత్ర పొద్దున వేసినా రాత్రి వేసినా గుండెపోటు, పక్షవాతాల్లో తేడా లేదు. మరిచిపోని వేళ చూసుకుని వేసుకోండి. మూత్రం ఎక్కువగా వచ్చే రకమైతే నిద్రకు ముందు వద్దు. వేళ మార్చేముందు డాక్టరుతో ఒక మాట చెప్పండి.

ప్రశ్న: మా ఆయన పూల వ్యాపారి, రాత్రి రెండింటికే మాట్టుత్తావణి పూల మార్కెట్టుకు వెళ్తారు. తెల్లారేసరికి ఛాతీ పట్టేసినట్టు ఉందంటారు. పరోటా తిన్న గ్యాసేనని సోడా తాగి ఊరుకుంటారు.
- ఓ సోదరి, మదురై

జవాబు: అమ్మా, పరోటా సంగతి తర్వాత చూద్దాం. ఈరోజే ఈసీజీ తీయించండి. ఈలోగా మళ్లీ పట్టేసినా, చెమటలు పోసినా, నొప్పి చేతికో దవడకో పాకినా ఆయన్ను బండి నడపనివ్వకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.